‘మామూలే’ అంటే ఊరుకోని మామయ్యగారు

మా మామగారు పోయారన్న కబురు నేను కాలేజీ స్టాఫ్ రూములో ఉండగా వచ్చింది. ఏలూరులో ఆయన ఇంటి పక్కవాటా ఆవిడ ఫోను చేసి, "ఏవండీ, మీరు ముందు కొంచెం కూర్చోండి" అన్నారు. ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది. పొద్దున్నే కాఫీ తాగి వరండాలో కుర్చీ వేసుకున్న మనిషి, కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. ఇంటి కప్పు కారుతోంది, బాగు చేయించి వచ్చేస్తానని తాడేపల్లిగూడెంలో మా దగ్గర్నుంచి బయల్దేరి అప్పటికి వారమైనా కాలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడాలంటారు. నా మనసు ఇంకా మెత్తబడలేదు. కారణం చెబుతాను. ఏలూరులో ఆయన్ని ఇంకా ముందుగదిలో పడుకోబెట్టే ఉంచాం. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నా వెనకాలే నిలబడి పక్కాయనతో అన్నాడు: "పాపం, జీవితమంతా దర్జాగా బతికాడు. ఆఖర్లో కోడలింట్లో ఆయా అయిపోయాడు." పక్కాయన తలాడించాడు. ఆ తరవాత కర్మలు జరిగిన రోజులన్నిటా ఆ మాట రకరకాల నోళ్ళలో విన్నాను. ఒకరు జాలిగా అన్నారు, ఒకరు నవ్వుతూ అన్నారు. నన్ను చూసి గొంతు తగ్గించినవాళ్ళూ ఉన్నారు, పెంచినవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్క మాటకి జవాబుగా ఇది రాస్తున్నాను.

ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మనిషి పొడుగు, గొంతు పెద్దది. బస్సు వెనక మెట్టు మీద నిలబడి మాట్లాడితే ముందున్న డ్రైవరుకి వినబడేదని ఆయన స్నేహితులు చెప్పేవారు. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. అప్పట్నుంచీ ఏలూరులో ఒక్కరే వండుకుని తినేవారు. నాకు ప్రసవం సెలవు అయిపోయే సమయానికి పాపకి ఆరు నెలలు. మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషను. మా వారిది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఆకివీడు, కైకలూరు చెరువుల గట్ల మీదే. ఉద్యోగం మానేయడం తప్ప దారి లేదని నేను దాదాపు నిర్ణయించుకున్నాను. అది అందరికీ ఎంత సహజంగా కనబడిందంటే, ఒక్కరు కూడా "అయ్యో" అనలేదు.

అప్పుడు ఆయన ఫోను చేశారు. "నేను రానా అమ్మా?" అన్నారు.

"మీరొచ్చి ఏం చేస్తారు మామయ్యగారూ, చిన్నపిల్ల కదా" అన్నాను.

"చిన్నపిల్లనే చూసుకుంటాను. పెద్దపిల్లలు నా మాట వినరు" అన్నారు. మర్నాడు ఒక సంచీతో దిగారు.

నేను కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే పాపకి కింద చిగురు ఉబ్బింది. పళ్ళొచ్చే పిల్ల ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గౌను ముందుభాగం ఎప్పుడూ చొంగతో తడిసే ఉండేది. గడ్డం కింద ఎర్రగా ఒరిసిపోయింది. పాలివ్వబోతే కొరికి, కొరికినందుకు తనే ఏడ్చేది. చేతికి దొరికినదల్లా, నా తాళం చెవులు, ఆయన కళ్ళజోడు కాడ, దిండు అంచు, అన్నీ నోట్లోకే. నిద్రపోతూ పోతూ ఉలిక్కిపడి లేచేది. నాకు ఏడుపొచ్చేది. ఆయనకి మాత్రం విసుగు రాలేదు.

ఆయన చేసింది గొప్ప వైద్యమేమీ కాదు. టీకాలకి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు గారిని నిలబెట్టి అడిగి తెలుసుకున్నవే. పొద్దున్నే గోళ్ళు మొదలంటా కత్తిరించుకునేవారు. చేతులు సబ్బుతో కడుక్కుని, చూపుడు వేలితో ఆ ఉబ్బిన చిగురు మీద నెమ్మదిగా రాసేవారు. శుభ్రమైన పాత పంచె ముక్కలు కత్తిరించి, మరిగించి ఆరబెట్టి, తడిపి ఫ్రిజ్జులో పెట్టేవారు. అవి చల్లబడ్డాక ఒకటి మడిచి పాప చేతికిస్తే, అది కళ్ళు మూసుకుని నమిలేది. చొంగని రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, గడ్డం కింద కొబ్బరినూనె రాసేవారు. నమిలే వస్తువేదైనా సరే, ఆయన కళ్ళెదురుగా ఉంటేనే పాప చేతిలో ఉండేది.

ఏ గుడ్డకీ వేలికీ ఊరుకోనప్పుడు ఇక బస్సే. పాపని ఎడమ భుజం మీద వేసుకుని వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ, అంత పెద్ద గొంతుని గుసగుసగా చేసి స్టాపులు పిలిచేవారు. "గుడివాడ... ముదినేపల్లి... కైకలూరు. కైకలూరులో టీకి ఆగుతుందండీ. దిగేవాళ్ళు దిగండి. ఆకివీడు... ఉండి... భీమవరం." కైకలూరులో నిజంగానే కాసేపు ఆగేవారు. పాప కూడా అక్కడ ఏడుపు ఆపి, బస్సెప్పుడు కదులుతుందా అన్నట్టు ఆయన మొహంలోకి చూసేది.

ఒకసారి నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కంగారుగా అందుకోబోయాను. "అలా గాభరా పడకమ్మా. ఏడుపంటే టిక్కెట్టు అడగడం. ఎక్కడికో కనుక్కుని ఇవ్వాలి. నోరుముయ్యమంటే ఎలా?" అన్నారు. ఇంకోసారి అన్న మాట నేను ఇప్పటికీ మా స్టాఫ్ రూములో చెబుతుంటాను. "అన్నేళ్ళు బస్సుల్లో తిరిగాను. ఏ పిల్ల ఏడ్చినా బస్సంతా తల్లివంకే చూస్తుంది. ఒక్కడు కూడా తండ్రివంక చూడడు. ఆ తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు."

ఇది చూసి మా వీధిలో నవ్వుకున్నవాళ్ళు చాలామంది. సాయంత్రం పాపనెత్తుకుని గేటు దగ్గర నిలబడితే, ఎదురింటి రిటైరైన ఆఫీసరు గారు "ఏవండీ కండక్టరు గారూ, మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టున్నారే" అన్నారు. "ఎక్కానండీ. మీ మనవడు లోపల ఏడుస్తున్నట్టున్నాడు, మీరూ ఎక్కండి" అన్నారు ఈయన, ఎంతో మర్యాదగా. ఆఫీసరు గారు మళ్ళీ ఆ హాస్యం ఆడలేదు. కానీ హాస్యం ఆడడం ఒక్కటే కాదు కదా. మగవాడు మనవరాలి చొంగ తుడిస్తే అతని విలువ తగ్గిపోయిందని లెక్కేసే బుద్ధి ఒకటుంది. అదే పని నేను చేస్తే అది పని అని కూడా ఎవరూ అనుకోరు. ఆయన చేస్తే అవమానం, నేను చేస్తే గాలి పీల్చినంత మామూలు. ఈ రెండూ ఒక్క అన్యాయానికే రెండు వైపులని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

పాపకి ఎనిమిదో నెలలో మామగారి అక్కగారు వచ్చారు. ఆవిడ ఆయనకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఆకివీడులో కొడుకు దగ్గర ఉంటారు. నేను పెద్దమ్మగారూ అంటాను. వస్తూ వస్తూ పాప మెడలో వేయడానికి పూసల దండ, నాకించడానికి తేనె సీసా, చిగుళ్ళకి రాయడానికి ఏదో మందు తెచ్చారు. ఆ మందు రాస్తే చిగురు మొద్దుబారి పిల్ల కిక్కురుమనదట. మామగారు మూడూ తీసుకుని అలమారా పై అరలో పెట్టేశారు.

"అదేంట్రా తమ్ముడూ?" అన్నారావిడ.

"దండ మెడకి బిగుసుకుంటుంది, తెగితే పూస గొంతులో పడుతుంది. ఏడాది నిండకుండా తేనె పెట్టకూడదు. ఆ మందు సంగతి డాక్టరు గారిని అడగందే రాయను" అన్నారు.

"మగాడివి, నీకేం తెలుసు పిల్లల సంగతి? మేమంతా పెంచలేదా?"

ఆయన పాపని భుజానేసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆవిడ నా వైపు తిరిగి, "వీణ్ణి నువ్వు ఆడదాన్ని చేసేశావే అమ్మాయ్" అన్నారు. అప్పుడు నేనూరుకున్నాను.

రెండురోజుల తరవాత ఆదివారం పొద్దున్న పాపకి ఒళ్ళు కాలింది. విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పిల్ల వాడిన తోటకూరలా అయిపోయింది. మా వారు కైకలూరు వెళ్ళారు. నేను భయపడుతుంటే పెద్దమ్మగారు తాపీగా తమలపాకు ఈనె తీస్తూ, "పళ్ళొస్తున్నాయిగా. జ్వరం, విరేచనాలు మామూలే. రెండ్రోజుల్లో సర్దుకుంటాయి" అన్నారు.

మామగారు వరండాలోంచి లోపలికి వచ్చారు. ఆయన మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "ఆ మాట ఈ ఇంట్లో అనొద్దక్కా" అన్నారు.

"ఏ మాటరా?"

"మామూలే అన్న మాట. ఇంకోసారి అన్నావంటే నిన్ను ఆకివీడు బస్సెక్కించేస్తాను."

గొంతు పెంచలేదు. కానీ పెద్దమ్మగారి చేతిలో తమలపాకు అలాగే ఉండిపోయింది. ఆయన పాపని నా చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చారు.

ఆస్పత్రిలో డాక్టరు గారు పాప పొట్ట మీద చర్మం పట్టి చూశారు, నాలుక చూశారు. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయని వెంటనే చేర్చుకున్నారు. "పళ్ళొచ్చేటప్పుడు చికాకుంటుంది, చొంగ కారుతుంది. ఇంత జ్వరం, ఇన్ని విరేచనాలు పళ్ళవల్ల రావండీ. ఇది ఇన్ఫెక్షను. పళ్ళే కదా అని ఇంట్లో కూర్చోకుండా తెచ్చారు, మంచి పని చేశారు" అన్నారు. సాయంత్రానికి పాప కళ్ళు తెరిచి, సెలైను కట్టిన చేతిని వింతగా చూసుకుంది. చూసుకుని నోట్లో పెట్టుకోబోయింది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వార్డు బయట బల్ల మీద కూర్చుని మామగారు నాకు చెప్పారు. మా వారికన్నా ముందు ఆయనకొక కూతురు పుట్టిందని నాకు తెలుసు. పసిదనంలోనే పోయిందని తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. అప్పటికి మా వారికి కూడా తెలియదు.

ఆర్టీసీ ఉద్యోగం రాకముందు వాళ్ళ కాపురం కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే ఊరి చుట్టూ నీళ్ళే. ఏ అవసరానికైనా పడవలో ఆకివీడు చేరాలి. పిల్లకి ఎనిమిదో నెల. పళ్ళొస్తున్నాయి. జ్వరమొచ్చింది, విరేచనాలయ్యాయి. ఇంట్లో అందరూ మామూలే అన్నారు.

"ఆ రోజుల్లో పెద్దవాళ్ళ ముందు తండ్రి బిడ్డనెత్తుకోకూడదమ్మా. అది మర్యాద. మా నాన్న అరుగు మీద ఉంటే నేను గడప ఇవతలే. లోపల పిల్ల ఏడుస్తుంటే వినబడేది. బయట కూర్చుని వల బాగు చేస్తున్నట్టు నటించేవాణ్ణి. మూడోనాటికి ఏడుపు వినబడలేదు. తగ్గిందనుకున్నాను."

 వార్డులోంచి ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది.

"అప్పుడు మా నాన్న లోపల్నుంచి వచ్చి, పాత చీరలో చుట్టి నా చేతికిచ్చాడు. పూడ్చిపెట్టి రమ్మని. అందరి ముందూ నా కూతుర్ని నేనెత్తుకున్నది ఆ ఒక్కసారేనమ్మా."

ఆ తరవాత ఆయనే అన్నారు: "పళ్ళు రావడం జబ్బు కాదు. జబ్బుని పళ్ళ మీదకి తోసెయ్యకూడదు. నేను నోరు విప్పి అడగలేదు. అదీ నా సంగతి."

ఆ రోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ ఉంది. బిడ్డ తండ్రి బిడ్డని ముట్టుకోకపోవడం గౌరవమని ఎవరు చెప్పారు? ఆ గౌరవం ఎవరి కడుపు నింపింది? ఏడ్చే పిల్లని తల్లి ఒళ్ళోకి తోసేసి, పిల్ల పోతే తల్లి దురదృష్టమని చెప్పుకుని, తండ్రి కన్నీళ్ళు కనబడకుండా తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటే మగతనమని మెచ్చుకున్న ఆ ఇళ్ళ మీద కోపం. అవి పాతరోజులని చెప్పకండి. ఆయన మనవరాలిని ఎత్తుకుంటే నవ్విన వీధి నాది, ఇప్పటిది.

పదోరోజు ఏలూరు ఇంట్లో భోజనాలయ్యాక బంధువులంతా వరండాలో చేరారు. పాపకి ఇప్పుడు రెండేళ్ళు. దవడ పళ్ళు వస్తున్నాయి. పొద్దున్నుంచీ పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మా వారు చేతులు కడుక్కుని వచ్చి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిగురు మీద వేలితో రాస్తున్నారు. ఎవరో, "వీడికీ తండ్రి పోలికే వచ్చిందిరోయ్, ఇంకో ఆయా తయారయ్యాడు" అన్నారు. నవ్వులు.

నేనప్పుడు ఊరుకోలేదు. "ఆయనకి ముందు ఒక కూతురు ఉండేదండీ. పళ్ళొచ్చేటప్పుడు జ్వరమొస్తే మామూలే అని ఇంట్లో ఉంచేశారు. ఆ పిల్లకి ఒక ఆయా ఉండి ఉంటే బతికేది. మా పాపకి ఉన్నారు కాబట్టి అదిగో, ఏడుస్తోంది. ఆ ఏడుపు వినబడుతున్నందుకు మీరందరూ ఆయనకి దణ్ణం పెట్టుకోవాలి. నవ్వడం కాదు" అన్నాను.  మా వారు తలెత్తి నన్ను చూశారు. ఆ కథ ఆయనకి ఆస్పత్రి రోజుల తరవాత నేనే చెప్పాను. 

మూలనున్న మంచం మీదనుంచి పెద్దమ్మగారు మాట్లాడారు. "ఇంట్లో ఉంచేశారని ఎవరు చెప్పారే నీకు?"

"మామయ్యగారే. నోరు విప్పి అడగలేదని బాధపడ్డారు" అన్నాను.

ఆవిడ తన అరచేతులు చూసుకున్నారు. "వాడు అడక్కపోవడమేంటి? మా నాన్న కాళ్ళు పట్టుకున్నాడు. పడవ కట్టిద్దామన్నాడు. ఆడపిల్లకి పళ్ళొస్తుంటే ఊరంతా నవ్వేలా పడవేంట్రా అన్నాడు మా నాన్న. రెండోరోజు పొద్దున్న వాడు పిల్లని చంకనేసుకుని తనే పడవ విప్పాడు. మా బాబాయిలు మొలలోతు నీళ్ళలోకి దిగి వెనక్కి లాక్కొచ్చారు. పిల్లని వాడి చేతుల్లోంచి తీసింది నేనే. లోపలికి తీసుకెళ్ళింది నేనే. మామూలేలేరా, ఏం కాదు అన్నాను."

వరండాలో పాప ఇంకా ఏడుస్తూనే ఉంది.

నాకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. ఆస్పత్రి బల్ల మీద ఆయన ఈ సంగతి నాకు చెప్పలేదు. తండ్రిని, బాబాయిలని, అక్కని తప్పించి నేరమంతా తన మీద వేసుకున్నారు. అప్పటికి మా ఇంట్లో కూర్చునున్న అక్కగారిని నేను ఏవగించుకోకూడదని అలా చెప్పి ఉంటారు. లేక అన్నేళ్ళూ తలుచుకుని తలుచుకుని, ఇంకా గట్టిగా పట్టుకుని ఉండాల్సిందని, తను అడిగింది అసలు అడగడమే కాదని తనే తీర్పు చెప్పేసుకున్నారో. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. ఆవిడ అన్నేళ్ళూ నోరు విప్పకుండా, పైగా ఆయన్ని ‘మగాడివి, నీకేం తెలుసు’ అన్నందుకు నాకు కోపం. చెప్పిన తరవాత ఆవిడ ఏడ్చారు. ఆ ఏడుపు చూసి కూడా నా కోపం పూర్తిగా పోలేదు. క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది.

మర్నాడు మా వారు, "అత్తా, మా అక్కని ఎక్కడ పెట్టారో చూపిస్తావా?" అని అడిగారు. అక్క అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

కారులో ఆకివీడు మీదుగా వెళ్ళాం. ఇప్పుడు లంకదాకా రోడ్డుంది. చేపల లారీలు ఎదురొస్తుంటే పక్కకి ఆగుతూ వెళ్ళాం. ఊరు దాటాక పెద్దమ్మగారు కారాపమన్నారు. దిగి, చెప్పులు విడిచి, గట్టు మీద కొంతదూరం నడిచి నిలబడిపోయారు. ఎదురుగా చేపల చెరువు. ఈ చివర్నుంచి ఆ చివరికి వెదురు గెడలు పాతి, వాటికి మేత సంచులు కట్టారు. చేపలు సంచుల చుట్టూ మూగి పొడుస్తుంటే ప్రతి గెడ దగ్గరా నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి.

"ఇక్కడ దిబ్బుండేది. తుమ్మచెట్టుండేది" అన్నారావిడ.

మా వారు పాపని ఎత్తుకుని ఆవిడ పక్కన నిలబడ్డారు. "ఎక్కడత్తా?" అన్నారు.

ఆవిడ చెయ్యి చాపి ఒక గెడని చూపించారు. కాదనుకుని పక్క గెడని చూపించారు. చెయ్యి ఇంకొంచెం ఎడమకి జరిగింది, మళ్ళీ కుడికి వచ్చింది. ఆ చూపుడు వేలు నీళ్ళ మీద అలా తిరుగుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు.